ఆ ఫోటోను తెల్లగా చేసింది నేనే

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూపులు నడిపే అడ్మిన్లకు, మధ్యవర్తులకు నమస్కారం.

నేను కావలిలో ఫోటో స్టూడియో నడుపుకుంటున్నా. 1994లో పదో తరగతి తప్పి, ఒక స్టూడియో డార్క్‌రూములో ట్రేలు కడిగే పనికి చేరా. 2003లో సొంత షాపు పెట్టా. మీలో కొందరికి నేను తెలుసు, చాలామందికి నా పని తెలుసు. మీ గ్రూపుల్లో పొద్దున్నే పడే బయోడేటాల్లో పైన వినాయకుడి బొమ్మ, కింద పట్టుచీర కట్టుకుని కొంచెం పక్కకి తిరిగి నిలబడ్డ అమ్మాయి ఉంటుంది కదా, కావలి చుట్టుపక్కల నుంచి వచ్చిన వాటిలో అలాంటివి చాలా నా చేతుల మీదుగా వచ్చినవే. "నీ దగ్గర ఫోటో దిగితే సంబంధం కుదిరినట్టే అన్నా" అని జనం అంటుంటే ఇన్నాళ్లూ కాలరెగరేసేవాణ్ణి.

పోయిన నెల మాలకొండలో ఆ కాలరు దిగింది.

మాలకొండ గుడి వారంలో శనివారం ఒక్కరోజే తెరుస్తారు. పెళ్లిచూపులకు అంతకన్నా మంచి సాకు దొరకదు. ఇంటికి పిలిస్తే వీధంతా తెలుస్తుంది, కుదరకపోతే నాలుగు మాటలు పడాలి. గుడి దగ్గరయితే "దర్శనానికి వచ్చాం, వాళ్లూ కనపడ్డారు" అంటే సరిపోతుంది. నేనూ మా ఇంటావిడా మొక్కు తీర్చుకుని చెట్టు కింద పులిహోర పొట్లం విప్పుకుంటుంటే, పక్కనే రెండు కుటుంబాలు ఎదురెదురుగా చాపలు పరుచుకుని కూర్చున్నాయి. ఆ అమ్మాయిని నేను మొహం చూసి గుర్తుపట్టలేదు. చీర చూసి గుర్తుపట్టా. వంకాయ రంగు చీర, నెమలిపింఛం అంచు. రెండు నెలల కిందట ఆ చీరలోనే నా స్టూడియోలో ఫోటో దిగింది. రెండు గంటల పాటు ఆ మొహం మీద పని చేసినవాణ్ణి, ఎదురుగా కూర్చుంటే పోల్చుకోలేకపోయా. ఎంత పని చేశానో మీరే లెక్కేసుకోండి.

అబ్బాయి తల్లి ఫోను తీసింది. ఎండలో బొమ్మ సరిగా కనపడక బ్రైట్‌నెస్ పెంచింది. రెండు వేళ్లతో మొహం పెద్దది చేసింది. చెయ్యి చాపి ఫోనుని ఆ అమ్మాయి బుగ్గ పక్కన పట్టుకుని, ఇటోసారి అటోసారి చూసింది. బట్టల కొట్లో చీర పక్కన జాకెట్టు గుడ్డ పెట్టి మ్యాచింగ్ చూస్తారే, అట్లా. తర్వాత తన చెల్లెలి వైపు తిరిగి, గొంతేమీ తగ్గించకుండానే, "ఏందమే, ఫోటోలో ఉండే పిల్ల ఈ పిల్లేనా?" అంది.

"మొన్న కోతల్లో ఎండకి కమిలిందమ్మా, పది రోజులుంటే తేరుకుంటది" అని అమ్మాయి తల్లి సర్దిచెప్పబోయింది. అమ్మాయి తలెత్తలేదు. చేతులు రెండూ కొంగులో దాచుకుంది. అబ్బాయి దూరంగా కోతుల్ని చూస్తున్నాడు. అతని ఫోటో మీద కూడా నాలాంటోడెవడో పని చేసినట్టే ఉంది, ఎందుకంటే మా పక్క చాప మీదున్న వాళ్ల మేనమామ ఫోన్లో నేనూ చూశాను: ఫోటోలో ఉన్న జుట్టుకీ ఎదురుగా ఉన్న జుట్టుకీ రెండంగుళాల తేడా. ఆ తేడా కొలవడానికి మాత్రం ఎవరూ ఫోను పట్టుకోలేదు.

అంతలో అమ్మాయి తల్లి నన్ను చూసింది. "అదుగో ఫోటో అన్న. అన్నా, నువ్వన్నా చెప్పు, తీసింది నువ్వే గదా."

నోట్లో పులిహోర ఉంది. అది మింగి, "లైటింగ్ అట్టా పడిందిలేమ్మా" అన్నా.

కొండ దిగేటప్పుడు మా ఇంటావిడ ఒక్క మాటే అడిగింది. "లైటింగేనా?"

లైటింగ్ కాదు. అడ్మిన్లు మీకు ఈ సంగతి తెలియాలి కాబట్టి విప్పి చెప్తా. ముందు ఫోటోషాప్‌లో కర్వ్స్ పైకెత్తి మొత్తం వెలుగు పెంచా. చర్మం రంగులో పసుపు తగ్గించి కాస్త గులాబీ కలిపా. మొటిమల గుంటలు హీలింగ్ బ్రష్‌తో పూడ్చా. లిక్విఫై అని ఒకటుంటుంది, మైనం ముద్దని వేలితో నొక్కినట్టు మనిషిని మౌసుతో నొక్కొచ్చు. దవడ కొంచెం లోపలికి, జబ్బలు కొంచెం సన్నగా, మెడ కొంచెం పొడుగు. కంటి తెల్లగుడ్డు ఇంకాస్త తెలుపు. ఇదంతా చేసి, కరెంటు పోయే టైం అవుతోందన్న తొందరలో ఒకటి మర్చిపోయా. చేతులు. కొంగు పట్టుకున్న వేళ్లు ఆమె రంగులోనే ఉండిపోయాయి. మాలకొండ నుంచి వచ్చిన రాత్రి ఆ ఫైలు తెరిచి చూశా. మొత్తం ఫోటోలో ఆమెవి ఆ వేళ్లే.

దిద్దడం కొత్త కాదు, ఒప్పుకుంటా. రీలు కెమెరాల కాలంలో మా గురువుగారు నెగటివ్‌ని వెలుగుకి ఎదురుగా అద్దం మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు. నెగటివ్ మీద నలుపు పెడితే ప్రింటులో అక్కడ తెలుపొస్తుంది. కళ్లకింద నీడలు, అమ్మవారి మచ్చలు అట్లా పోయేవి. స్టూడియోలో ఒక కోటు, ముందే ముడివేసి పెట్టిన టై, నడవని వాచీ ఉండేవి. వెనక కర్టెన్ మీద మేడమెట్లు, పూలకుండీ. పొలం నుంచి వచ్చిన రైతు ఆ కోటు తొడుక్కుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ ఫోటో ఇంట్లో గోడకెక్కితే చూసినవాళ్లు "స్టూడియో కోటేనా మావా" అని నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. అది వేషమని అందరికీ తెలుసు. పైగా పెళ్లి సంబంధాన్ని ఆ ఫోటో నడిపించేది కాదు. మేనమామో పెద్దమనిషో పోయి చూసొచ్చి చెప్పేవాడు, పిల్ల నల్లంగా ఉన్నా కళగా ఉంటదనో, నోరు పెద్దదనో, పనికి వెనకాడదనో. ఆ మాటల్లోనూ కోతలుండేవి. కాకపోతే కోసినవాడు రేపు పెళ్లిపందిట్లో అందరి ముందూ నిలబడాలి, ఆ భయం ఒకటుండేది.

ఇప్పుడు టచింగ్ ఫోనే చేస్తోంది, చాలాసార్లు అడక్కుండానే. చెయ్యంత దూరంలో తీసుకునే సెల్ఫీలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. తెరమీద కనపడేదేమో అద్దంలో మాదిరి కుడిఎడమలు మారిన మొహం. దాని మీద బ్యూటీ మోడ్. రోజూ దాన్నే చూసుకునే పిల్లలు, నేను ఆరడుగుల దూరం నుంచి 85 ఎంఎం లెన్సుతో తీసిన ఫోటో చూసి "ఇది నేను కాదన్నా" అంటారు. ఎదుటివాళ్లు రోజూ చూసేది నేను తీసిన ఆ మొహాన్నే అని చెప్తే నమ్మరు.

ఇక ఆ అమ్మాయి సంగతి. అసలు ఇది చెప్పాలనే ఉత్తరం మొదలుపెట్టా.

ఫోటో దిగడానికి వచ్చిన రోజు, కార్డులోంచి ఫైళ్లు కాపీ అవుతుంటే తల్లి అంది, "ఆ రీల్సు తీసెయ్యమని నువ్వన్నా చెప్పన్నా. సంబంధం వాళ్లు ముందు ఇన్‌స్టా చూస్తా ఉండారంట." ఆ సలహా ఇచ్చింది మధ్యవర్తి, అంటే మీలో ఒకరు. అమ్మాయి ఫోను నా చేతికిచ్చి "చూడన్నా, తప్పేమన్నా ఉందేమో" అంది. చూశా. ఒకదాంట్లో ఊళ్లో కోలాటం, ముందు వరుసలో ఆమె, మొహం చెమటతో మెరుస్తోంది. ఇంకోదాంట్లో తలకి నూనె రాస్తూ వాళ్ల నాయనమ్మ తిట్టే తిట్లు అచ్చం అట్నే తిడుతోంది, వెనక నుంచి నాయనమ్మ చెంబు విసిరింది. మరోదాంట్లో బ్యాంకు పరీక్ష నాలుగు మార్కుల్లో పోయిందని చెప్తూ చెప్తూ మధ్యలో తనే నవ్వేసింది. పై వరుసలో పన్ను మీద పన్ను ఒకటుంది, నవ్వినప్పుడల్లా కనపడుతుంది. అరగంట ముందు కెమెరా వెనక నుంచి నేను "పెదాలు మూసుకో తల్లీ, చిన్నగా నవ్వు" అన్నది ఆ పన్ను కనపడకూడదనే.

మూడేళ్ల వీడియోలు. నా షాపు బెంచీ మీద కూర్చునే డిలీట్ కొట్టింది. ఒక్కొక్కటే కొడుతుంటే తల్లికి విసుగొచ్చి "అకౌంటే తీసేస్తే పోదా" అంది. "నాయనమ్మది ఒకటి ఫోన్లో దాచుకుంటా ఉండు" అంది పిల్ల.

నెట్‌లో ఉండేవన్నీ వేషాలు, అసలు మనిషి ఇంట్లో ఉంటాడు అని మనం అంటుంటాం. నేనూ అనేవాణ్ణి. ఆ రోజు నా బెంచీ మీద లెక్క తిరగబడింది. నెట్‌లో ఉన్న పిల్లే అసలు పిల్ల. నల్లగా ఉంది, గట్టిగా నవ్వుతోంది, మార్కులు పోయాయని నలుగురి ముందు ఒప్పుకుంటోంది. ఆ పిల్లని చెరిపించి, ఆ చోట తెల్లటి బొమ్మనొకదాన్ని పెట్టాం. పెదాలు మూసుకున్న బొమ్మ. అభిరుచులు: వంట, సంగీతం. తల్లి, మధ్యవర్తి, నేను, ముగ్గురం కలిసి పెట్టాం. ఆ బొమ్మ మీ గ్రూపులోకి పోయింది. మాలకొండకి మాత్రం అసలు పిల్ల పోవాల్సి వచ్చింది. బొమ్మకి రావాల్సిన తిట్టు ఈ పిల్ల తింది.

తర్వాత తెలిసిన ఇంకో విడ్డూరం: చాలామంది ఆడపిల్లలకి ఇప్పుడు రెండేసి అకౌంట్లు. చుట్టాలకి చూపించేది ఒకటి, అందులో గుళ్లు, ముగ్గులు, తమ్ముడికి రాఖీ. ఫ్రెండ్స్‌కి ఇంకొకటి, అది వేరే పేరుతో. ఆ రెండోది పట్టుకోవడానికి అబ్బాయి తరఫు వాళ్లు దొంగ ఐడీ ఒకటి తెరుస్తారు, పువ్వు బొమ్మ పెట్టుకుని. పెద్ద మనుషులు ముసుగేసుకుని పోయి ఆ పిల్ల ముసుగెందుకు వేసుకుందని అడుగుతారు!

నా సంగతీ చెప్పుకోవాలి. నా వాట్సాప్ స్టేటస్‌లో రోజూ ఓర్పు మీద ఒక మంచి మాట ఉంటుంది. షాపులో కుర్రాడు మెమరీ కార్డు వేరేవాళ్ల కవర్లో వేసిన రోజు నా ఓర్పు ఎంతో పక్కన టీ కొట్టాయన్ని అడగండి. నలుగురిలోకి పోయేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టు ఆ మాత్రం తేడా అందరికీ ఉంటుంది. ఆ చొక్కా గురించి నేను గొడవపడట్లేదు, లోపల మనిషి అదే మనిషి కాబట్టి.

అబ్బాయిలూ తక్కువేం కాదు. బూటు మడమతో 5.7 కాస్తా 5.9 అవుతుంది. రెండెకరాల రొయ్యల గుంట లీజుకి తీసుకున్నవాడు బయోడేటాలో ఆక్వా ఇండస్ట్రియలిస్ట్. ఒకబ్బాయి తనని గోల్డెన్ గేట్ బ్రిడ్జి ముందు నిలబెట్టమని వచ్చాడు. వీసా ఇంకా రాలేదు. "వస్తదన్నా, ముందు ఫోటో ఉంటే సంబంధాలొస్తాయి" అన్నాడు. 300 తీసుకుని నిలబెట్టా. నీడ ఎటు పడాలో కూడా చూసి మరీ నిలబెట్టా, పనోణ్ణి గదా. ఇలాంటివి బయటపడితే "కుర్రోడు చలాకీ" అంటారు. ఆడపిల్ల ఫోటో సంగతి బయటపడితే "మోసం" అంటారు.

దొంగ ప్రొఫైల్ పెట్టి డబ్బు గుంజేవాళ్ల గురించి నేను మాట్లాడట్లేదు. వాళ్లకి ఐటీ చట్టంలో 66డి సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఫిర్యాదుకి 1930 నంబరుంది. నేను చెప్పేది మర్యాదస్తుల అబద్ధం గురించి. దానికి సెక్షన్ లేదు, మీరే ఉన్నారు.

ఈ మధ్య నాకు కాస్త డబ్బులొచ్చే పని అమెరికా వీసా ఫోటోలు. వాటి రూల్సు మీకూ తెలిసే ఉంటాయి. రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండు, ఆరు నెలల్లోపు తీసింది అయ్యుండాలి, 2016 నవంబరు నుంచి కళ్లజోడు కూడా తీసేయాలి. మొహాన్ని దిద్దకూడదు. మొన్న ఒకే అమ్మాయికి ఒకే పూట రెండు ఫోటోలు తీశా, వీసాకి ఒకటి, బయోడేటాకి ఒకటి. వీసా ఫోటోలో బుగ్గ మీద మచ్చ మచ్చలాగే ఉంది. కౌంటర్ అవతల నుంచి రెండు నిమిషాలు మాట్లాడి పంపేసే ఆఫీసరుకి ఆమె అసలు మొహం ఇస్తున్నాం. ముప్పై నలభై ఏళ్లు ఒకే కప్పు కింద కలిసి తినాల్సినవాళ్లకి దిద్దింది ఇస్తున్నాం. ప్రింటర్లోంచి రెండూ పక్కపక్కనే వచ్చాయి. కుర్రాడు వాటిని చూసి "ఇద్దరు అక్కాచెల్లెళ్లా అన్నా?" అన్నాడు.

తప్పించుకోవడానికి అంటున్నాడనుకున్నా సరే, ఒక మాట అంటా. మీరు అడిగిందే మేం చేసిస్తున్నాం. మీ గ్రూపుల్లో మెసేజీలు బయోడేటా ప్రింట్లతో పాటు మా దగ్గరికీ వస్తుంటాయి. "అమ్మాయి తెల్లగా, సన్నగా, 5.4 పైన ఉండాలి." "ఫోటో బాగలేని బయోడేటాలు పోస్ట్ చేయబడవు." కులానికో గ్రూపు, అందులో శాఖకో గ్రూపు, అమెరికా వాళ్లకి వేరే, డాక్టర్లకి వేరే. రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం అన్ని గ్రూపులదీ ఒకటే మాట. షాదీ డాట్ కామ్ వాళ్లు 2020 జూన్‌లో ఒంటి రంగుని బట్టి వెతికే ఫిల్టర్ తీసేశారు. తర్వాతి నెలలో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. అంతంత వ్యాపారాలు చేసేవాళ్లే జనం అడిగేసరికి ఒక ముక్క వెనక్కి తీసుకున్నారు. మన గ్రూపుల్లో "మంచి కలర్" అట్నే ఉంది. చామనఛాయ అని ఉన్నదున్నట్టు రాస్తే ఫోన్లే రావని తల్లులు నా దగ్గర కూర్చుని చెప్పుకుంటారు. ఉప్పుగాలి, ఎండ, చేలు ఉన్న ఊళ్లివి. తెలుపు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?

ఆ అమ్మాయి తల్లి మొహర్రానికి నెల్లూరు పోయి స్వర్ణాల చెరువులో పెళ్లి రొట్టె కూడా పట్టిందట. బారాషహీద్ దర్గా దగ్గర కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు అందుకుంటారు. ఎవరు ఎవరో తెలియదు, ఏ మతమో అడగరు. తడిసిన చీరతో, చెదిరిన జుట్టుతో, రెండు చేతులూ చాపి రొట్టె అందుకుంటున్న తల్లిని అమ్మాయి ఫోన్లో ఫోటో తీసింది. నా దగ్గరే ప్రింటు వేయించి ఫ్రేము కట్టించుకున్నారు. దాన్ని దిద్దమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మాలకొండ నుంచి వచ్చాక షాపులో ఒక బోర్డు పెట్టా. "పెళ్లి ఫోటోల్లో రంగు మార్చము, ఒళ్లు తగ్గించము." మొటిమ ఉంటే తీస్తా, అది ఎలాగూ వారంలో పోయేది. మచ్చ ముట్టను, అది ఆమెది. గిరాకీ తగ్గింది. పక్క వీధిలో కుర్రాడు ఫోన్ యాప్‌తో రెండు నిమిషాల్లో చేసిస్తున్నాడు. నేనొక్కణ్ణే మానితే పని జరగదు కాబట్టే మీకు రాస్తున్నా.

మీ గ్రూపు రూల్సులో ఒక లైను చేర్చండి, ఫోటో ఆరు నెలల్లోపుది, దిద్దనిది అని. దిద్దితే దిద్దామని రాయమనండి. నార్వేలో 2022 జూలై నుంచి, మనిషి ఒంటినో చర్మాన్నో మార్చిన ప్రకటన ఫోటో మీద మార్చామని గుర్తు వేయాలని చట్టమే ఉంది. సరుకులమ్మేవాళ్లకి అంత రూలుంటే, మనుషుల్ని కలిపేవాళ్లకి ఒక లైను బరువా? స్టూడియో ఫోటోతో పాటు పది సెకన్ల వీడియో అడగండి. ఇంటి వాకిట్లో, పగటి వెలుగులో, పేరు చెప్పి నవ్వితే చాలు. వీడియోకీ ఫిల్టర్లు ఉన్నాయని నాకు తెలుసు, అయినా నవ్వు, గొంతు, నడక ఎంతో కొంత బయటపడతాయి. అబ్బాయిలకీ ఇదే రూలు పెట్టండి. రంగు గడి తీసేయండి. అన్నిటికన్నా ముందు, రీల్సు డిలీట్ చేయించమని తల్లులకి చెప్పడం ఆపండి. కోలాటం చూసి వద్దనుకునేవాళ్లు ఆ పిల్లని ఇంటికి తీసుకుపోయి ఏం చేసుకుంటారు?

మీలో ఒక పెద్దావిడతో ఫోన్లో ఇదంతా చెప్తే, "అట్టా అయితే సగం సంబంధాలు గడప కూడా తొక్కవు నాయనా" అంది. ఆమె మాట కొట్టిపారేయలేను. ఒకసారి ఎదురుగా కూర్చుంటే పిల్ల మంచితనం వాళ్లకే తెలుస్తుంది, అందాకా రప్పించడానికే ఈ తిప్పలన్నీ అని తల్లుల ఆశ. కానీ గడప దాకా వచ్చి, ఫోను బుగ్గ పక్కన పెట్టి కొలుచుకుని వెనక్కి పోయినవాళ్లు ఆ ఇంట్లో ఏం వదిలి పోతారో మీకు కనపడదు. నాకూ కనపడేది కాదు. కవర్లో ఫోటో పెట్టి, డబ్బు గల్లాపెట్టెలో వేసుకునేదాకే నాకు తెలుసు.

మొన్న మంగళవారం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది, మళ్లీ బ్యాంకు పరీక్షకి అప్లికేషన్ ఫోటో కోసం. తీశాక లేవకుండా కూర్చుంది. "అన్నా, బయోడేటాకి కూడా కొత్తది తీయి. ఏం చెయ్యొద్దు. అమ్మకి చెప్పే వచ్చా." కిటికీ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టా. ఈసారి పెదాలు మూయమని అనలేదు. నాయనమ్మ ఇప్పుడు ఏమని తిడుతోంది అని అడిగా, అంతే. క్రాప్ తప్ప ఇంకేమీ చేయలేదు. మొహమూ చేతులూ ఒకే రంగులో ఉన్నాయి.

ఆ సాయంత్రమే తల్లి దాన్ని మీ గ్రూపుల్లో ఒకదానికి పంపింది. జవాబు నాకు తెచ్చి చూపించింది. "ఇంకొంచెం మంచి ఫోటో పంపండి మేడం."

అది మంచి ఫోటోనే. తీసింది నేను. గ్రూపులో పెట్టండి.

ఇట్లు,
కావలి నుంచి ఒక ఫోటోగ్రాఫరు